తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కారు తాళాలు తీసేవాళ్లకు

ప్రతి ఏడూ ఆగస్టులో మనవాళ్లు డాలస్ విమానాశ్రయంలో దిగుతారు. పెట్టెల్లో ఊరగాయ, చింతపండు, కుక్కరు. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం పక్కల నుంచి ఎవరు బయల్దేరినా, ఊళ్లో ఎవరో ఒకరు నా ఫోన్ నంబరు రాసిచ్చి పంపుతారు. అడిగే ప్రశ్నలు అవే, నేను చెప్పే జవాబులూ అవే, విని తలూపి, పోయి చేసే తప్పులూ అవే. వాటిలో చాలావరకు నేను చేసి తిట్లు తిన్నవే కాబట్టి నాకు కోపం రెండింతలు. ఈసారి రాసి పెడుతున్నా. చదివాక కూడా చేస్తే మీ ఖర్మ.

తేలిక సంగతులు ముందు. సోషల్ సెక్యూరిటీ నంబరుకు దిగిన పది రోజుల తర్వాత పోండి; కార్డు వచ్చాక ఇంట్లో దాచండి, పర్సులో పెట్టుకుని తిరగొద్దు. లైసెన్సుకు డీపీఎస్ ఆఫీసులో ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. కారు కొన్న రోజే టోల్ ట్యాగ్ అతికించండి. క్రెడిట్ కార్డు బాకీ నెలనెలా మొత్తం కట్టేయండి. రాగిపిండి ఇర్వింగ్‌లో దొరుకుతుంది, ఫ్రిస్కోలో దొరుకుతుంది. సంగటికి లోటు లేదు, ఊరిబిండి మాత్రం మీరే నూరుకోవాలి. గుడికి పోవాలంటే ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమంతుడున్నాడు, ఇర్వింగ్‌లో ఏక్తా మందిర్ ఉంది. తెలుగు సంఘం టాంటెక్స్ 1986 నుంచీ ఉంది, ఉగాదికి పోతే ఊరివాళ్లు ఎవరో ఒకరు కనబడతారు. ఇవన్నీ ఎవరైనా చెప్తారు.

ఎవరూ చెప్పనిది బేస్‌బాల్.

నవ్వకండి. అక్టోబరులో ఒక పొద్దున మీరు ఆఫీసుకు పోతారు. కాఫీ మెషిన్ దగ్గర నలుగురు గుమికూడి ఉంటారు. రాత్రి టెక్సస్ రేంజర్స్ ఓడిపోయే ఆట గెలిచి ఉంటుంది. మామూలు రోజు వాతావరణం తప్ప ఇంకో మాట మాట్లాడనివాళ్లు ఆ పొద్దున చేతులు ఊపుకుంటూ, ఒకరి మాటకు ఇంకొకరు అడ్డం వస్తూ, అచ్చం మన టీకొట్టు దగ్గర జనంలా మాట్లాడుతుంటారు. ఏడాదికి అలాంటి పొద్దులు కొన్నే వస్తాయి. ఆ నలుగురిలో ఐదో మనిషిగా నిలబడితే మీరు ఆ ఆఫీసులో మనిషి. లేదంటే ప్రాజెక్టు అయ్యేదాకా మీరు ‘ఆ టెస్టింగ్ టీమ్ ఆవిడ’. నేను చాలా కాలం అదే.

ఎందుకో చెప్తా. నేను వచ్చింది 2011లో. ఆ అక్టోబరు 27, గురువారం రాత్రి, సెయింట్ లూయిస్‌లో రేంజర్స్ వరల్డ్ సిరీస్ ఆరో ఆట ఆడుతున్నారు. ఆ ఒక్కటి గెలిస్తే జట్టు చరిత్రలో మొదటి కప్పు. నేను అన్నం తిని నిద్రపోయాను. పొద్దున ఆఫీసుకు పోతే చావు జరిగిన ఇల్లులా ఉంది. ఫోన్‌లో నాలుగు లైన్లు చదివాను: ఇంకొక్క స్ట్రైక్ పడితే కప్పు, అది పడలేదు, ఓడిపోయారు. నాకేం తెలుసు? కలుపుగోలుగా ఉందామని నవ్వుతూ, ‘ఒక్క బంతి వేస్తే అయిపోయేదంట కదా, అదీ వేయలేకపోయారా?’ అన్నాను. నా పక్క సీటు పెద్దావిడ కాఫీ కప్పు అక్కడే పెట్టి లేచిపోయింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న చేయి పట్టుకుని ఆ జట్టు ఆట చూడ్డానికి పోయిన మనిషట ఆవిడ. రేంజర్స్ వాషింగ్టన్ నుంచి ఆర్లింగ్టన్‌కు వచ్చింది 1972లో. అప్పటి నుంచీ ఎదురుచూస్తున్న ఇళ్లు అవి. ఆ తర్వాత చాలా వారాలు ఆవిడ నోట గుడ్ మార్నింగ్ తప్ప నేను ఇంకో మాట వినలేదు.

ఆ రాత్రి ఏం జరిగిందో తర్వాత తెలుసుకున్నాను. మీరు ఇప్పుడే తెలుసుకోండి. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రేంజర్స్ 7-5తో ముందున్నారు. ఇద్దరు ఔట్. డేవిడ్ ఫ్రీస్ అనే సెయింట్ లూయిస్ కుర్రవాడి మీద రెండు స్ట్రైకులు. ఇంకొక్కటి చాలు. అతను కొట్టిన బంతి కుడి పక్క కాపలా ఉన్న నెల్సన్ క్రూజ్ తల మీదుగా పోయింది, 7-7. పదో ఇన్నింగ్స్‌లో జోష్ హామిల్టన్ హోమ్ రన్‌తో రేంజర్స్ మళ్లీ 9-7. మళ్లీ ఇద్దరు ఔట్, మళ్లీ రెండు స్ట్రైకులు, ఈసారి లాన్స్ బర్క్‌మన్ కొట్టాడు, 9-9. పదకొండులో అదే ఫ్రీస్ హోమ్ రన్. 10-9. మరుసటి రాత్రి ఏడో ఆటా పోయింది. ఒకే రాత్రి రెండుసార్లు ఒక్క బంతి దూరంలో కప్పు జారిన ఊరు ఇది. ఇలాంటి ఊళ్లో ‘ఒక్క బంతి’ అని నవ్వితే ఏమవుతుందో నన్ను చూసి నేర్చుకోండి. ఫ్రీస్ పేరు వచ్చినప్పుడు నోరు మూసుకోండి. మళ్లీ చెప్తున్నా, నోరు మూసుకోండి.

పన్నెండేళ్ల తర్వాత, సరిగ్గా అదే తేదీ. 2023 అక్టోబరు 27, శుక్రవారం. ఆర్లింగ్టన్‌లో గ్లోబ్ లైఫ్ ఫీల్డ్, అరిజోనా డైమండ్‌బ్యాక్స్‌తో వరల్డ్ సిరీస్ మొదటి ఆట. మా వీధిలో కొత్తగా దిగిన పుంగనూరు అబ్బాయికి, వాళ్లావిడకు ఆఫీసువాళ్లు ఊరికే టికెట్లిచ్చారు. మేం ఇంట్లో టీవీ ముందున్నాం. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలు కాకముందే ఫోన్.

‘అక్కా, అయిపోయింది. 5-3. వీళ్లు గెలవరు. ట్రాఫిక్ రాకముందే బయల్దేరేసినాము.’

‘యాడుండావు?’

‘పార్కింగ్‌లో.’

‘లోపలికి పో అబ్బోడా!’

‘మళ్లీ రానీరంట అక్కా.’

పార్కింగుకు ముందే డబ్బులు కట్టి, 40 వేల మందికి పైగా పట్టే స్టేడియంలో వరల్డ్ సిరీస్ చూసే భాగ్యం దొరికితే, అరగంట ముందు ఇల్లు చేరడానికి లేచొచ్చాడు. ఏం రాచకార్యం ఉంది నాయనా ఇంట్లో? వాళ్ల కారు హైవే ఎక్కేలోపే ఒకడు ఔటయ్యాక, బేస్ మీద లియోడీ తవేరాస్ ఉండగా, పాల్ సీవాల్డ్ వేసిన మొదటి బంతినే కోరీ సీగర్ స్టాండ్‌లోకి కొట్టాడు. 5-5. ఎప్పుడూ ముఖంలో ఏ భావమూ కనబడని ఆ మనిషి నోరంతా తెరిచి అరిచాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో అడోలిస్ గార్సియా ఇంకొకటి కొట్టాడు. 6-5. ఆట ముగిసింది. అప్పటికి రాత్రి పదకొండు దాటింది.

ఈ ఆటకు ఓవర్ల లెక్క లేదు, అది ముందు బుర్రకెక్కించుకోండి. క్రికెట్‌లో ఆరు బంతుల్లో నలభై కావాలంటే లేచి పోవచ్చు. ఇక్కడ చివరి మనిషి ఔటయ్యేదాకా ఎన్ని పరుగులైనా రావచ్చు. ఇంటి జట్టు ఎప్పుడూ రెండో వంతు ఆడుతుంది కాబట్టి చివరి దెబ్బ వాళ్లదే. సమానమైతే డ్రా లేదు, ఎన్ని ఇన్నింగ్స్ పట్టినా ఆడాల్సిందే. ఆట అయిపోయిందని స్కోరు చూసి తేల్చేవాడికి ఈ ఆట అర్థం కాలేదని లెక్క.

మన పక్కవాళ్లకు ఇది కొత్త కాకూడదు మరి. ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం పెట్టినప్పుడు రాత్రంతా వీధినాటకం చూసి, దుర్యోధన వధ చూడకుండా ఎవరైనా లేచి పోతారా? చాప, దుప్పటి, మరమరాలు మూటగట్టుకుని పోయేవాళ్లం. పలమనేరు చలి మీకు తెలియంది కాదు, చిత్తూరువాళ్లు మన ఊరికొచ్చి వణుకుతారు. నేను నిద్రపోతే మా అవ్వ తొడమీద గిల్లి లేపేది: ‘భీముడొచ్చేదాకా కండ్లు మూస్తే తంతా.’ మట్టితో చేసిన దుర్యోధనుడు పడుకుని ఉంటాడు, అంత పెద్దగా. భీముడి వేషగాడు గద పట్టుకుని జనం మధ్యలోంచి పరిగెత్తుకొచ్చేవాడు. అవ్వ లేదిప్పుడు. మా అమ్మ ఫోన్‌లో చెప్తుంది, ఈ ఏడూ పెట్టారని, కుర్రకారు సగం రాత్రికే ఫోన్లు చూసుకుంటూ ఇళ్లకు పోతున్నారని. అక్కడా అదే రోగం.

సరే, శనివారం పొద్దునకు వద్దాం. అసలు ప్రమాదం అక్కడుంది.

మా వీధి మొదట్లో గ్యారేజీ ముందు నలుగురు చేరారు. రిటైరైన టీచరు ఒకాయన, ప్లంబరు ఒకాయన, ఎదురింటి ఆలూమగలు. చేతుల్లో కాఫీలు. సీగర్ కొట్టినప్పుడు తాను బాత్రూములో ఉన్నానని, ఇంట్లో అరుపులు విని బయటికొస్తే భార్య మళ్లీ లోపలికి తోసి తలుపేసిందని ప్లంబరు చెప్తున్నాడు: అతను లోపలుంటేనే అచ్చొచ్చిందట. ఎదురింటాయన విసుగుపుట్టి టీవీ కట్టేశాడు, ఆవిడ అది ఎప్పటికీ మరిచిపోనివ్వదు. టీచరుగారు మాత్రం మెల్లగా, ‘నిన్న తేదీ చూశారా?’ అన్నాడు. ఎవరూ బదులు చెప్పలేదు. అందరూ చూశారు. గార్సియా చివరి దెబ్బతో ఆ పోస్ట్‌సీజన్‌లో అతను తెచ్చిన పరుగులు 22 అయ్యాయి. అంతకుముందు రికార్డు 21. అది ఎవరిదో తెలుసా? 2011లో ఆ డేవిడ్ ఫ్రీస్‌ది. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మారింది.

సరిగ్గా అప్పుడు మా పుంగనూరువాడు వచ్చాడు. నిన్న చెన్నై చెపాక్‌లో కూడా ఇంతే అంకుల్, పాకిస్తాన్ మీద సౌతాఫ్రికా ఒక్క వికెట్‌తో గెలిచింది, దాని ముందు ఇదేం లెక్క అని మొదలుపెట్టాడు. నిజమే, అదీ అదే రోజు. మంచి మ్యాచే. కానీ పెళ్లివారింట్లో నిలబడి పక్క ఊరి పెళ్లి గొప్పలు ఎవరైనా చెప్తారా? మర్యాదకు విన్నారు. ‘నువ్వు స్టేడియంలో ఉన్నావంట కదా!’ అని ప్లంబరు కళ్లింత చేసుకుని అడిగాడు. మనవాడు ట్రాఫిక్ సంగతి చెప్పాడు. నేను నేల చూపు చూశాను. అక్కడితో ఆగాడా? పోతూ పోతూ ‘కప్పు మనదే అంకుల్, రాసి పెట్టుకోండి’ అన్నాడు. నలుగురికీ ముఖాలు మాడిపోయాయి. దిష్టి మనకొక్కళ్లకే ఉందనుకుంటారు మీరు. బేస్‌బాల్ చూసేవాళ్లకు మన అమ్మమ్మల కంటే ఎక్కువ. ఒక పిచర్ ఎవరికీ ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా పోతుంటే ఆ మాట పైకి అనరు, అతని పక్కన కూడా కూర్చోరు. ఆ రాత్రి రెండో ఆటలో రేంజర్స్ 9-1తో ఓడారు. ఆదివారం పొద్దున టీచరుగారు మనవాడి వైపు చూసిన చూపు నేను చెప్పలేను.

కాబట్టి గెలిచిన మరుసటి పొద్దున ఏం చేయాలో వినండి. ‘ఆ హోమ్ రన్ కొట్టినప్పుడు మీరెక్కడున్నారు?’ అని అడగండి, అంతే. మిగతాది వాళ్లు చెప్తారు. వినండి. మధ్యలో కోహ్లీని తేవద్దు. ముందే పడుకుంటే పడుకున్నానని చెప్పండి, వాళ్లే సంతోషంగా మొదటి నుంచీ చెప్తారు. చూడని ఆట చూసినట్టు మాత్రం చెప్పొద్దు, మూడో ప్రశ్నకు దొరికిపోతారు. రేపు గెలుస్తామని అనొద్దు. ఓడిన పొద్దున ఏమీ అనొద్దు. ‘ఆటే కదా’ అసలే అనొద్దు.

క్రికెట్ కావాలంటే దాని చోటు దానికుంది. గ్రాండ్ ప్రేరీలో బేస్‌బాల్ మైదానాన్నే క్రికెట్ స్టేడియంగా మార్చారు. 2024 జూన్ 6న అమెరికా పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించింది అక్కడే. అక్కడికి పోయినప్పుడు మీ పొరుగాయన్ను తీసుకెళ్లండి. అతను ఎల్‌బీడబ్ల్యూ ఏమిటని అడిగితే విసుక్కోకండి.

గార్సియా సంగతి మీకోసమే ఇంకొంచెం చెప్పాలి. క్యూబా వదిలి వచ్చిన మనిషి. అమెరికాలో మొదట చేర్చుకున్నది సెయింట్ లూయిస్, అదే ఫ్రీస్ జట్టు. వాళ్లు 2019 డిసెంబరులో డబ్బుకు రేంజర్స్‌కు ఇచ్చేశారు. 2021 ఫిబ్రవరిలో రేంజర్స్ కూడా జాబితాలోంచి తీసేశారు; కావాలంటే ఏ జట్టైనా తీసుకోవచ్చు, ఒక్కరూ తీసుకోలేదు. వీసా కాగితాల కోసం, ప్రాజెక్టు కోసం ఎదురుచూస్తూ బెంచి మీద కూర్చున్నప్పుడు నాకు అతను గుర్తొస్తాడు. మన కాగితాలను ఎవరో ఎక్కడో కూర్చుని తిప్పుతుంటారు, మనం పలమనేరుకు ఫోన్ చేసి అంతా బాగుందమ్మా అంటుంటాం. ఆ శుక్రవారం ఆట ముగిసేసరికి మన ఊళ్లో శనివారం పొద్దున. అమ్మ ఫోన్ చేసింది. వెనక ఆర్టీసీ బస్సు హారను, టమాటా లారీ చప్పుడు. ‘ఈ అర్ధరాత్రి ఎందుకే అరుస్తా ఉండావు?’ అంది. ఎట్లా చెప్పాలో తెలియక, భీముడొచ్చాడమ్మా అన్నాను.

రేంజర్స్ ఆ సిరీస్ నవంబరు 1న ఫీనిక్స్‌లో 5-0తో ముగించారు, మొదటి కప్పు. 2011లో లేచిపోయిన నా పక్కసీటు పెద్దావిడ రిటైరై చాలా కాలమైంది. ఆ రాత్రి ఆవిడ దగ్గర నుంచి నాకు మెసేజ్ వచ్చింది. ఏం రాసిందో చెప్పను, అది మా ఇద్దరిదీ.

ఇక ఖర్చు మాట. మొదటిసారే ఆర్లింగ్టన్‌కు పోవద్దు. ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ ఉన్నారు, రేంజర్స్‌కు కింది జట్టు. టికెట్ చవక, పిల్లలకు స్టేడియంలోనే నీళ్లకాలువ ఉంది, తేలుతూ ఆట చూడొచ్చు. అక్కడ నేర్చుకుని తర్వాత పెద్ద ఆటకు రండి. ఆర్లింగ్టన్‌లో మామూలు సిటీ బస్సులు లేవు, పార్కింగ్ ముందే కొనాలి. హాట్ డాగ్‌లో ఏ మాంసమో అడిగి తినండి. జాతీయ గీతమప్పుడు టోపీ తీయండి. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి పాడతారు, అది ఇంటికి పోయే సమయం కాదు, కూర్చోండి.

సీజను మార్చి చివర్లో మొదలవుతుంది. తోడు కావాలంటే నాకు ఫోన్ చేయండి, తీసుకుపోతా. కారు తాళాలు మాత్రం ఆట అయ్యేదాకా నా సంచిలో ఉంటాయి.