బతుకు బండి – పరుల తప్పు

పాఠ్యాంశ ఉద్దేశం

రహదారి ప్రమాదం అనగానే ప్రాణనష్టమే మనసుకు తోస్తుంది. ప్రాణం దక్కినా, జీవనాధారమైన బండి తునాతునకలైన వారి కష్టం అంతగా చర్చకు రాదు. ఇతరుల అజాగ్రత్త వల్ల వాహనాన్ని కోల్పోయిన వ్యక్తికి కలిగే నష్టం ఎటువంటిదో, చట్టం దానిని ఎంతవరకు పూరించగలదో, ఎక్కడ ఆగిపోతుందో పల్నాటి జనజీవనం ఆధారంగా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

1. ఇల్లయిన బండి

పల్నాటి సీమకు రాయి, సున్నం, మిరప ప్రధాన సంపదలు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, దాచేపల్లి పరిసరాల సిమెంటు కర్మాగారాలు, నాపరాతి గనులు, గురజాల పొలాలలో పండే మిరప, పత్తి – వీటన్నిటికీ విలువ కట్టేది దూరపు బజారు. ఆ బజారుకు చేర్చేది లారీ. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి పిడుగురాళ్ల, దాచేపల్లి మీదుగా సాగి, పొందుగల వద్ద కృష్ణానదిని దాటి, ఆవలి ఒడ్డున ఉన్న వాడపల్లికి చేరుతుంది. ఈ దారి మీద రాత్రింబగళ్లు సాగే బండ్లలో చాలావాటికి యజమాని, డ్రైవరు ఒక్కరే.

అటువంటి వానికి లారీ కేవలం ఇనుప యంత్రం కాదు. సీటు వెనుక పరచిన పరుపే అతని పడక. పక్కన చిన్న పొయ్యి, నాలుగు గిన్నెలు, నీళ్ల డబ్బా, ఉతికి ఆరేసిన చొక్కా, అద్దం మీద ఇలవేలుపు పటం – నెలలో ఎక్కువ రోజులు అదే అతని ఇల్లు. బండి పత్రాలు, కిరాయి లెక్కల పుస్తకం, పిల్లల ఫీజుకు దాచిన డబ్బు కూడా అక్కడే ఉంటాయి.

బండిని ఇల్లుగా చేసుకోవడం కొత్త సంగతి కాదు. పూర్వం లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని సంసారాలతో సహా దేశాలు తిరిగారు. అమెరికా, కెనడా దేశాలలో చిన్న ట్రక్కు వెనుక పడక, పొయ్యి, నీటితొట్టి గల గదిని అమర్చుకొని ప్రయాణించేవారున్నారు. దానిని ట్రక్కు క్యాంపర్ అంటారు. అక్కడ అది చాలామందికి విహారసాధనం, కొందరికి స్థిరనివాసం. ఇక్కడ లారీ క్యాబిన్ బతుకుతెరువు. రెండింటిలోనూ సత్యం ఒక్కటే. దారిలో ఆ బండి చితికిపోతే వాహనం, ఇల్లు ఒకేసారి పోతాయి.

2. పాపమొకరిది, ఫలమొకరిది

కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రహదారి ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. ఈ అంకెలలో చితికిన బండ్ల లెక్క లేదు, ఆగిపోయిన వాయిదాల లెక్క లేదు.

2023 మే 17న పొందుగల వద్ద జరిగిన దుర్ఘటన పల్నాటివారు మరువలేనిది. నల్గొండ జిల్లా దామరచర్ల మండలం నుండి గురజాల మండలంలోని పులిపాడుకు కూలిపనికి బయలుదేరిన స్త్రీలు ఒక ఆటోలో వస్తున్నారు. దానికి, మరొక భారీ వాహనానికి మధ్య జరిగిన ప్రమాదంలో పలువురు స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. ఆటోలో పరిమితికి మించి జనం ఉన్నారన్న మాట వెంటనే వినవచ్చింది. ప్రతి ప్రమాదంలోనూ ఇటువంటి మాట ఒకటి పుడుతుంది. లోడు ఎక్కువని, దీపం వెలగలేదని, పత్రం గడువు తీరిందని నష్టపోయినవాని లోపాన్ని ముందు వెదకడం లోకరీతి. ఆ లోపాలు నిజమే కావచ్చు. అయితే ప్రమాదానికి కారణం అవేనా అన్నది వేరొక ప్రశ్న.

ఈ రెండింటికీ గల భేదాన్ని సుప్రీంకోర్టు 2020లో మహమ్మద్ సిద్దిఖ్ వ్యాజ్యంలో స్పష్టం చేసింది. ముగ్గురు ఎక్కిన మోటారు సైకిలును వెనుక నుండి కారు ఢీకొన్నది. ముగ్గురు ఎక్కడం నిబంధనకు విరుద్ధమే. కాని ఆ ఉల్లంఘన వల్లనే ప్రమాదం జరిగిందని గాని, దెబ్బ తీవ్రత పెరిగిందని గాని రుజువు కానిదే పరిహారంలో కోత విధించరాదని న్యాయస్థానం తేల్చింది. నిబంధనను మీరడం ఒక తప్పు. ప్రమాదానికి కారకుడు కావడం మరొక తప్పు. మొదటిదానికి జరిమానా ఉన్నది. రెండవదాని భారం రెండవదానిని చేసినవాడే మోయాలి.

3. ఇద్దరి తప్పు నడుమ మూడవవాడు

ఒక ఊహా సన్నివేశాన్ని పరిశీలించవచ్చు. గురజాలకు చెందిన లారీ తన వరుసలో నిదానంగా పోతున్నది. ఎదుటి దిక్కున ఒక కారు అదను చూడక బస్సును దాటబోయింది. మితిమీరిన వేగంతో ఉన్న బస్సు డ్రైవరు కారును తప్పించబోయి, అదుపు తప్పి లారీని ఢీకొన్నాడు. లారీ పల్లంలోకి దొర్లింది. కారు ఆగకుండా వెళ్లిపోయింది. లారీ యజమాని ఎవరిని అడగాలి?

ఇద్దరి అజాగ్రత్త కలిసి మూడవవానికి నష్టం కలిగించినప్పుడు, ఆ ఇద్దరిలో ఎవరి నుండియైనా పూర్తి పరిహారం రాబట్టుకొనే హక్కు నష్టపోయినవానికి ఉన్నదని 2015లో ఖెన్యెయి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరి వాటా ఎంత అన్న తగవు తప్పు చేసినవారు తమలో తాము తేల్చుకోవలసినదే. కాబట్టి కారు దొరకకపోయినా, బస్సు వేగం రుజువైతే బస్సు యజమాని నుండి, అతని బీమా సంస్థ నుండి పరిహారం కోరవచ్చు.

బస్సు డ్రైవరు తప్పేమీ లేదని తేలితే మాత్రం చిక్కు వస్తుంది. ఢీకొట్టి పారిపోయిన వాహనాల విషయంలో 2022 ఏప్రిల్ 1 నుండి మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేల రూపాయల పరిహారం ఏర్పాటు చేశారు. ఆ పథకంలో బండి నష్టానికి చోటు లేదు. పారిపోయిన వాహనం సంఖ్య తెలియకపోతే యజమానికి మిగిలేది తన సొంత బీమా పత్రమే. అందులో మూడవ పక్షపు బీమా తప్ప మరేమీ లేకపోతే, చితికిన బండికి ఒక్క రూపాయి కూడా రాదు. తక్కువ ఖర్చని తీసుకొన్న పత్రం విలువ ఆనాడు తెలిసివస్తుంది.

4. చట్టం తూచే నష్టం

బండి పోయినవాని నష్టంలో మూడు పొరలున్నాయి. మొదటిది బండి ధర. రెండవది అది తెచ్చే రాబడి. మూడవది దానితో అల్లుకొన్న జీవితం.

మొదటి పొరను బీమా సంస్థ ప్రకటిత విలువ ఆధారంగా లెక్కిస్తుంది. వయసును బట్టి బండికి తరుగు కడతారు. నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు ఉన్నదానికి తరుగు 50 శాతం. 24 లక్షలకు కొన్న లారీ ఐదవ ఏట 12 లక్షల విలువ చేస్తుందని అనుకొంటే, బాగుచేయడానికి అయ్యే ఖర్చు ఆ విలువలో 75 శాతాన్ని, అంటే 9 లక్షలను మించినప్పుడు దానిని పూర్తినష్టంగా పరిగణిస్తారు. షెడ్డులో మెకానిక్ 10 లక్షలు అవుతుందని చెబితే ఆ లారీ కథ ముగిసినట్లే. బండి మీద అప్పు ఇంకా 9 లక్షలు ఉంటే, బీమా సొమ్ములో ముందుగా తీరేది ఆ అప్పు. యజమాని చేతికి మిగిలేది దాదాపు 3 లక్షలు. బండి వెల అతనికి ముట్టింది, కాని బండి మాత్రం రాలేదు.

రెండవ పొరను సొంత బీమా పత్రం సాధారణంగా పట్టించుకోదు. బండి ఆగిపోయినందువల్ల పోయిన కిరాయి దానిలో చేరదు. దానిని తప్పు చేసినవాని నుండి కోరవచ్చు. అందుకు రాబడి లెక్కలు చూపాలి. కిరాయి రసీదులు, బ్యాంకు పుస్తకం, ఆదాయపు పన్ను పత్రాలు లేనివాని మాట నిలబడటం కష్టం. చేతి నుండి చేతికి సొమ్ము మారే వ్యాపారంలో నిజం ఉన్నా, దానికి సాక్ష్యం ఉండదు. బండిలోని సామాను మాట వేరు. ఆస్తి అనే పదంలో వాహనంలోని సరకును, ప్రయాణికుల సామానును చట్టం చేర్చింది. ఎదుటి వాహనపు బీమాలో ఆస్తి నష్టానికి సాధారణంగా 7.5 లక్షల రూపాయల పరిమితి ఉంటుంది. ఆపై మొత్తాన్ని ఆ వాహన యజమాని సొంతంగా చెల్లించవలసి ఉంటుంది. ఒకే నష్టానికి రెండు చోట్ల సొమ్ము తీసుకోవడానికి మాత్రం వీలులేదు.

మూడవ పొరకు తూనికరాళ్లు లేవు. పదేళ్లపాటు ఎండకు, వానకు నీడ ఇచ్చిన క్యాబిన్‌ను తుక్కు వర్తకుడు కిలోల లెక్కన కొంటాడు. ఇది చట్టంలోని లోపమని అనడానికి లేదు. మమకారానికి వెల కట్టడం మొదలుపెడితే ఎక్కువ మాటలు చెప్పగలవానికి ఎక్కువ సొమ్ము దక్కుతుంది. అందుకే న్యాయం లెక్కకు అందే నష్టం దగ్గర ఆగుతుంది. అందని నష్టాన్ని అర్థం చేసుకోవలసింది సాటి మనిషి.

5. రుజువు – గడువు

మన దేశంలో మోటారు వాహనాల వ్యాజ్యాలకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు 1956 నాటి చట్ట సవరణతో వచ్చాయి. ఇప్పుడు అమలులో ఉన్నది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. దీని 166వ విభాగం ప్రకారం గాయపడినవారు, మరణించినవారి వారసులే కాక, పాడైన ఆస్తికి యజమాని కూడా దరఖాస్తు చేయవచ్చు. ప్రమాదం ఎంత దూరదేశంలో జరిగినా, తాను నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు చేసే సౌకర్యం ఉన్నది.

నేర విచారణలో వలె ఇక్కడ సందేహానికి తావులేని రుజువు అవసరం లేదు. ఏది ఎక్కువ సంభవమో అది తేలితే చాలు. అయినా ఆ మాత్రపు రుజువు కూడా ప్రమాదస్థలంలోనే దొరుకుతుంది. చక్రాల జాడలు, పగిలిన అద్దాలు, బండ్లు నిలిచిన తీరు కొన్ని గంటలలో చెరిగిపోతాయి. బండిని కదిలించకముందే అన్ని వైపుల నుండి ఛాయాచిత్రాలు తీయడం, సాక్షుల పేర్లు రాసుకోవడం, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వడం, బీమా సంస్థకు తెలియజేయడం, సర్వేయరు చూడకముందు విడిభాగాలు విప్పనీయకపోవడం తప్పనిసరి. గాయపడినవారు ఉంటే వారిని ఆసుపత్రికి చేర్చిన తరువాతనే ఈ పనులన్నీ.

2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు దరఖాస్తు చేయాలి. ఈ గడువు చెల్లుబాటుపై సుప్రీంకోర్టులో సవాలు దాఖలైనా, ఆలస్యం చేయకపోవడమే మేలు. స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, చట్టం పేర్కొన్న మరికొన్ని వర్గాలవారు 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఉచిత న్యాయ సహాయం పొందవచ్చు. ఉభయులూ అంగీకరిస్తే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు. అక్కడి తీర్పుపై అప్పీలు ఉండదు. కనుక ఒప్పుకొనే ముందే లెక్క సరిచూసుకోవాలి.

6. పగ కాదు, పరిహారం

పల్నాటి చరిత్రలో గురజాల నలగామరాజు రాజధాని. కోడిపందెంలో ఓడిన మాచర్లవారు ఏడేళ్లు ఊళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. గడువు తీరిన తరువాత తమ భాగం అడిగితే దక్కలేదు. అడగడానికి పోయిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. చివరకు కారెంపూడి రణభూమిలో ఇరువైపులవారూ నశించారు. పోగొట్టుకొన్నదానిని న్యాయంగా తిరిగి పొందే దారి మూసుకుపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆ కథ చాలు.

ప్రమాదం జరిగిన చోట గుమిగూడిన జనం దొరికిన డ్రైవరును కొట్టడం ఇప్పటికీ కనిపిస్తుంది. అందువల్ల చితికిన బండి లేవదు. పైగా దెబ్బలకు భయపడి, ఆగవలసినవాడు పారిపోతాడు. అతనితో పాటు సాక్ష్యం, బీమా, పరిహారం అన్నీ పారిపోతాయి. అలాగే రహదారి పక్కన పెద్దమనుషులు అప్పటికప్పుడు తేల్చే రాజీలో బలవంతుని మాటే నెగ్గుతుంది. పదివేలు చేతిలో పెట్టించుకొని కాగితం మీద సంతకం చేసినవాడు, షెడ్డులో పదిలక్షల లెక్క విన్న రోజున ఎవరినీ అడగలేడు.

పరిహారం అనేది దయ కాదు, హక్కు. అయితే అది పోయినదానిని పోయినట్లుగా తిరిగి తెచ్చేది కూడా కాదు. తన వరుసలో తాను సాగుతున్న మనిషి బతుకును మరొకరి క్షణకాలపు తొందర తలకిందులు చేయగలదు. స్టీరింగు పట్టినవాడు ఎదుట వచ్చే లారీలో ఒక ఇల్లు ఉన్నదని తలచుకొంటే, ఆ తొందర కొంతైనా తగ్గుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

ఇలవేలుపు = ఇంటి దైవం
ఉల్లంఘన = మీరడం, అతిక్రమించడం
అదను = తగిన సమయం
పరిహారం = నష్టానికి బదులుగా ఇచ్చే సొమ్ము
వ్యాజ్యం = న్యాయస్థానంలో నడిచే తగవు
తరుగు = వయసు వల్ల విలువలో వచ్చే తగ్గుదల
తుక్కు = పనికిరాని పాత ఇనుము
మమకారం = నాది అనే భావం, మక్కువ

ప్రశ్నలు

1. లారీ యజమానికి బండి ఇల్లుగా ఎలా మారుతుందో వివరించండి.
2. 'నిబంధనను మీరడం ఒక తప్పు. ప్రమాదానికి కారకుడు కావడం మరొక తప్పు.' ఈ వాక్యాలను సోదాహరణంగా చర్చించండి.
3. బండి పోయినవాని నష్టంలోని మూడు పొరలు ఏవి? వాటిలో చట్టం వేటిని లెక్కిస్తుంది?
4. ప్రమాదస్థలంలో చేయవలసిన పనులను వరుసగా రాయండి.
5. పల్నాటి కథను పాఠ్యాంశంలో ప్రస్తావించడంలోని ఔచిత్యాన్ని తెలపండి.