ఒకే పట్టాభిషేకం, ఐదు రకాల చేతులు: దేవుడి బొమ్మని ఎలా చూడాలి?

ఈ వారం వీడియోలో శ్రీరామ పట్టాభిషేకం ఘట్టం చెప్పుకున్నాం. వీడియోలో ఒక్కో బొమ్మ స్క్రీన్ మీద నాలుగైదు సెకన్లే ఉంటుంది. కథ చెప్పడానికి అది సరిపోతుంది కానీ, ఆ బొమ్మ చేసినవాళ్లు ఏం చేశారో తెలియడానికి సరిపోదు. అందుకే ఈ పోస్టులో కథని కాసేపు పక్కన పెట్టి బొమ్మల్నే చూద్దాం.

ముందే చెప్తున్నా, నేను ఆర్టిస్టుని కాదు. ఇంజనీరింగ్ చదివి కోడ్ రాసుకునేవాణ్ణి. కాబట్టి ఏ బొమ్మ చూసినా నాకు మొదట వచ్చేది మా పనిలో ప్రశ్నే: ఇక్కడ అన్‌డూ ఉందా? మాకు తప్పు పోతే కంట్రోల్ జెడ్ ఉంది, పాత వెర్షన్ ఉంది. మరి బట్ట మీద, తోలు మీద, రాతి మీద పనిచేసేవాళ్లకి? ఏ దశ దాటితే ఇక వెనక్కి వెళ్లలేరు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చూస్తే, చిన్నప్పటి నుంచి చూస్తున్న బొమ్మే కొత్తగా కనిపిస్తుంది.

శ్రీకాళహస్తి కలంకారీతో మొదలుపెడదాం. పెద్ద రామాయణం బట్టల్లో సాధారణంగా నడిమధ్య పట్టాభిషేకం ఉంటుంది. చుట్టూ వరసలు వరసలుగా కథ, చాలావాటిలో ఆ గళ్ల కిందే తెలుగులో రాత. కలం అంటే మన పెన్ను కాదు. వెదురు పుల్లకి ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో కడతారు. రంగులో ముంచి, వేళ్లతో ఆ చుట్టని నొక్కుతూ గీస్తారు. ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది.

గీయడానికి ముందే బట్టని కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు లేతగా బొమ్మ గీసుకుంటారు. ఇక్కడిదాకా తప్పు పోయినా దులిపేయొచ్చు. తర్వాత నల్ల గీత. దానికి వాడే ద్రవాన్ని ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తయారుచేస్తారు. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, ఆ ద్రవం అసలు నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన బట్టకి తగలగానే నల్లబడుతుంది. ఇనుముకీ కరక్కాయలోని టానిన్‌కీ జరిగే కెమిస్ట్రీ అది. అంటే, బట్టకి తగిలిన క్షణమే ఫైనల్. రాముడి కనుబొమ్మ గీస్తూ చెయ్యి కాస్త వణికితే, ఆ వణుకు బట్ట ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

ఎరుపు కథ ఇంకా చిత్రం. ఎర్రగా రావాల్సిన చోట ముందు వేసేది ఎరుపు కాదు, పటిక నీళ్లు. ఆ తర్వాత బట్టంతా వేళ్ల నుంచి తీసిన రంగులో ఉడికిస్తే, పటిక తగిలిన చోట ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. అంటే కళాకారుడు చివరికి రాబోయే రంగుని మనసులోనే చూసుకుంటూ పనిచేయాలి. రిజల్ట్ కనపడకుండా కోడ్ రాయడం లాంటిదన్నమాట. మధ్యమధ్యలో పారే నీళ్లలో ఉతుకులు, ఎండ. స్వర్ణముఖి నది ఒడ్డున ఈ కళ పెరగడానికి ఆ పారే నీరు ఒక కారణం. రాముడి ఒంటికి నీలం, సీతమ్మకి పసుపు. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ఈ పద్ధతిని జీవితమంతా పట్టుకున్న జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు తోలుబొమ్మ. ఇక్కడ అన్నీ తలకిందులు. కలంకారీలో కళాకారుడు రంగు వేస్తాడు, ఇక్కడ వెలుగుకి దారి చేస్తాడు. మేకతోలుని శుభ్రం చేసి, వెలుతురు దాటేంత పల్చగా చేస్తారు. రంగులు రెండు వైపులా వేస్తారు. నగలు మాత్రం గీసినవి కావు, చిల్లులు. రాముడి కిరీటంలో రత్నం అంటే ఒక రంధ్రం. తెర వెనక దీపం పెట్టగానే ఆ చిల్లుల్లోంచి వెలుగొచ్చి ఆభరణాలు మెరుస్తాయి. చిల్లు పడ్డాక పూడ్చలేం. రెండు చిల్లులు మరీ దగ్గరైతే తోలు చిరుగుతుంది. కాబట్టి ఒక దండలో ఎన్ని ముత్యాలుండాలో భక్తితో పాటు తోలు బలం కూడా నిర్ణయిస్తుంది.

మన ఆంధ్ర తోలుబొమ్మలు చాలా పెద్దవి, కొన్ని దాదాపు మనిషంత ఎత్తుంటాయి. ఒకే రాముడికి అడవిలో ఒక బొమ్మ, పట్టాభిషేకానికి ఇంకొకటి. ఆట ఆడేటప్పుడు రంగనాథ రామాయణం ద్విపదలు పాడతారు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ పని చేసే కుటుంబాలున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. రాత్రంతా ఆటలు చూసేవాళ్లు తగ్గాక, అదే తోలుతో లాంప్‌షేడ్లు చేసి అమ్ముతున్నారు. కొందరికి ఇది బాధ. నాకు మాత్రం అందులో తప్పు కనపడదు. లాంప్‌షేడ్ అంటే కూడా తోలు వెనక దీపమే కదా.

కానీ ఒకటి. తోలుబొమ్మని గోడకి ఆనించి, ఫ్లాష్ వేసి ఫొటో తీస్తే సగం బొమ్మ పోయినట్టే. వెలుగు వెనక నుంచి రావాలి. తంజావూరు పటానిదీ ఇలాంటి ఇబ్బందే. చెక్క మీద బట్ట అంటించి, సుద్ద ముద్దతో ఉబ్బెత్తుగా చేసి, దానిమీద బంగారు రేకు అద్దుతారు. పూజగదిలో దీపం కదిలినప్పుడు ఆ బంగారం కదులుతుంది. ఫోన్‌లో చూస్తే అదంతా ఒక పసుపు రంగు, అంతే.

రాయి గురించి చెప్పాలంటే హంపీ వెళ్లాలి. అక్కడి హజార రామాలయం 15వ శతాబ్దం మొదట్లోది. గుడి గోడల మీద రామాయణం మూడు వరసల్లో చెక్కి ఉంది. రాతిలో నీలం లేదు, పసుపు లేదు. మరి రాముడెవరో ఎలా తెలుస్తుంది? ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరి చేతిలో విల్లుంది, ఎవరి తల ఎవరి వైపు వంగింది. బట్ట మీద రంగు చేసే పనిని ఇక్కడ నిలబడే తీరు చేయాలి. పైగా ఇది ఒకచోట నిలబడి చూసే బొమ్మ కాదు. ప్రదక్షిణ చేస్తుంటే కథ మీతోపాటు నడుస్తుంది. కాళ్లతో చదివే పుస్తకం అనుకోండి.

ఇక మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది క్యాలెండర్ పటం. చులకనగా చూస్తాం గానీ అదీ తేలిక పని కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో లితో ప్రెస్ పెట్టించారు. అప్పట్లో ఒక్కో రంగుకి ఒక్కో రాయి, బొమ్మంతా రాతి మీద కుడిఎడమలు తిరగేసి గీయాలి. ఒక రాయి వెంట్రుకవాసి జరిగినా పెదవి రంగు పెదవి దాటిపోతుంది. పటం కింద రవివర్మ పేరుంటుంది. రాళ్ల మీద గీసినవాళ్ల పేర్లు మాత్రం దొరకవు. గుడి అంటే కులం చూసి బయట ఆపేసిన రోజుల్లో, దేవుడి రూపం ఎవరి ఇంట్లోకైనా చవగ్గా చేరింది ఇలాంటి అచ్చుల వల్లే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ప్రాంప్ట్ కొడితే పది సెకన్లలో పట్టాభిషేకం వచ్చేస్తోంది. ఆఫీసులో నేనూ ఏఐ టూల్స్ వాడతాను, వాటి మీద నాకు కోపం లేదు. కానీ ఆ బొమ్మల్ని కాస్త జూమ్ చేసి చూడండి. చాలాసార్లు వింటినారి వింటికి కట్టి ఉండదు, గాల్లో ఎక్కడో మాయమైపోతుంది. నారి ఎక్కడ కట్టాలో అక్కడ ఎవరూ ఆలోచించలేదు. కాళహస్తిలో కలం పట్టుకున్న మనిషి ఆలోచించి తీరాలి, ఎందుకంటే గీత పడ్డాక చెరపలేడు.

కలంకారీ పేరుతో మెషీన్ ప్రింట్లు కూడా బోలెడు అమ్ముతున్నారు. కొనేటప్పుడు రెండు పూలు పక్కపక్కన పెట్టి చూడండి. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అది కలంతో గీసింది కాదు. చేతి గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. రంగు వెనక్కి కూడా దిగి ఉంటుంది. కొత్త బట్టయితే పాల వాసన కాస్త తగలొచ్చు. ధర ఎక్కువుంటుంది, అన్ని రోజుల పని మరి. గీసినవాళ్ల పేరు కూడా అడిగి రాసి పెట్టుకోండి, ఇంటికొచ్చిన చుట్టాలకి చెప్పడానికి పనికొస్తుంది.

వచ్చే వారం వీడియో లేపాక్షి పైకప్పు చిత్రాల మీద. మెడ పట్టేస్తుంది, సిద్ధంగా ఉండండి. జై శ్రీరామ్.