కళాశాల విద్యార్థినులు – వ్యాయామము

పిఠాపురమను పేరు వినినంతనే పాదగయా క్షేత్రముతోపాటు ఆ సంస్థానాధీశుల విద్యాదానము స్ఫురించును. కాకినాడలోని కళాశాల నేటికిని పిఠాపురపు రాజావారి పేరనే వెలయుచున్నది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో దానికి ప్రిన్సిపాలుగా నుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు, మహారాజా సూర్యారావు బహద్దరువారి అండదండలతో, స్త్రీలకు కళాశాల ద్వారములు తెరచిరి. యువతులు యువకులతో కలిసి చదువుట ఆనాడు లోకమునకు వింత.

నేడు చదువునకు అడ్డంకులు చాలవరకు తొలగినవి. ఆటల విషయమున అట్లు కాలేదు. తొక్కుడుబిళ్ల, తాడాట, ఒప్పులకుప్ప ఆడిన బాలిక కొంచెము ఎదుగగనే "ఆడపిల్లకు పరుగులేల?" అను మందలింపు వినును. కళాశాలలో చేరునప్పటికి ఆటలను మరచును. బస్సులో కూర్చుండి వచ్చి, తరగతిలో కూర్చుండి, ఇంటికేగి మరల పుస్తకము ముందు కూర్చుండును.

దీనివలన కలుగు నష్టము వెంటనే కనబడదు. ఎముకలు ఇంచుమించు ముప్పది యేండ్లలోపుగనే తమ గట్టితనమును కూడబెట్టుకొనును. పంటనాడు నింపని గాదె కరవునాడు ఆదుకొనునా? యౌవనమున వ్యాయామము మానిన దేహమును అట్టిదే. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో, 5 నుండి 17 ఏండ్లవారు దినమునకు సగటున 60 నిమిషములును, పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములును శరీరశ్రమ చేయవలెనని చెప్పినది.

వ్యాయామము స్త్రీలకు తగదని కొందరందురు. శ్రీకాకుళము జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో రెండు విధములుగా మొత్తము 240 కిలోగ్రాముల బరువు నెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము నందిన తొలి భారత మహిళ ఆమెయే. ఇంతకుమించిన సమాధానమేల?

అయినను అందరును మల్లీశ్వరులు కానక్కరలేదు. పతకము తేగలవారికే ఆటస్థలము దక్కినచో తక్కినవారు ప్రేక్షకులుగనే మిగులుదురు. వేగముగ పరుగెత్తలేని పిల్లకు కూడ కబడ్డీ జట్టులో చోటుండవలెను. కాలపట్టికలో ఆటలకొక గంట, మైదానములో యువతులకు నియతమైన వేళ, ఆటకు అనువైన దుస్తులు, ప్రోత్సహించు అధ్యాపకురాలు ఉండిన చాలును. ఆటలు రానివారు వేగముగ నడువవచ్చును. ఆయాసము, నీరసము కలవారు వైద్యుని సలహా పొందవలెను.

బాలబాలికలారా! కళాశాలలు నిలుపుటకు రాజుల ధనము కావలసివచ్చెను. మీ అక్కచెల్లెండ్రను ఆటకు పంపుటకు ధనమక్కరలేదు. ఇంటిల్లిపాది సమ్మతియు, దినమునకొక గంట తీరికయు చాలును.