కట్టిన కరెంటు బిల్లు బాకీ ఎందుకు చూపిస్తోంది?

ప్రశ్న: బ్యాంకు యాప్‌లో కరెంటు బిల్లు కట్టాను. ఖాతాలో డబ్బు తగ్గింది. లైన్‌మన్ మాత్రం బాకీ ఉందంటున్నారు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, వరంగల్

జవాబు: కంగారు పడకండమ్మా. ముందు రసీదులోని సర్వీసు నంబరును పాత బిల్లుతో పోల్చండి. ఒక్క అంకె తప్పినా పక్కింటి బిల్లు కట్టేస్తాం! అందుకే 'చెల్లించు' నొక్కేముందు తెరమీద కనిపించే పేరు చదవాలి. చాలామంది చదవరు.

నంబరు సరైనదే అయితే ఆలస్యం దారిలో ఉంది. మీ బ్యాంకు యాప్ సాధారణంగా డబ్బును నేరుగా విద్యుత్ సంస్థకు పంపదు. భారత్ కనెక్ట్ (పాత పేరు భారత్ బిల్‌పే) అనే ఉమ్మడి వ్యవస్థ బిల్లు వివరాలు తెచ్చి, చెల్లింపు కబురు అటు చేరవేస్తుంది. బ్యాంకుల మధ్య లెక్క తర్వాత తేలుతుంది. ఆ కబురు అందేదాకా బాకీ అలాగే కనిపించవచ్చు. ఈలోగా మళ్లీ కట్టకండి. రసీదులోని లావాదేవీ సంఖ్యతో యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి. లైన్‌మన్‌కూ ఆ రసీదే చూపండి.

గడువు రోజు రాత్రి కట్టే అలవాటుంటే మానుకోండి, రెండు మూడు రోజుల ముందే కట్టేయండి. 'ఈ రాత్రికే కరెంటు కట్' అంటూ లింకు పంపితే మాత్రం అది మోసగాళ్ల పనే.