బ్యాంకు లెక్క ఎవరు తెచ్చారు?

మన ఉప్పుగూడ నుంచి చంచల్‌గూడ జైలు ఎంతో దూరం కాదు. సత్యం కంప్యూటర్స్ చైర్మన్‌గా ఉండిన బి.రామలింగరాజు 2009 జనవరిలో అరెస్టయి ఆ జైలుకే వచ్చారు. ఏళ్ళు గడిచినా కామర్స్ చదివే మాకు ఈ ఉదంతం పాఠంలా ఉపయోగపడుతోంది. అందుకే రాస్తున్నాం.

ఆ ఏడు జనవరి 7న బోర్డుకు రాసిన లేఖలో రాజు తానే అంకెలు బయటపెట్టారు. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు! 2008 జూలై-సెప్టెంబరు మూడు నెలలకు నిర్వహణ లాభం 649 కోట్లని చూపితే, నిజంగా వచ్చింది 61 కోట్లు.

ఇది ఎలా సాధ్యం? చెయ్యని పనికి బిల్లు రాస్తే కాగితం మీద లాభం వస్తుంది. ఆ బిల్లు ఎప్పుడో ఒకప్పుడు వసూలైనట్టు చూపాలి. వసూలైతే డబ్బు బ్యాంకులో ఉండాలి. దానికి దొంగ డిపాజిట్ రసీదులు పుట్టాయి. డిపాజిట్ ఉంటే వడ్డీ కూడా రావాలి కదా! అలా రాని వడ్డీ 376 కోట్లు పుస్తకాలకెక్కింది.

లేని డబ్బును పూడ్చడానికి 2008 డిసెంబరు 16న తన కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను సత్యం చేత కొనిపించబోయారు. పేరున్న ప్రొఫెసర్లు, కేంద్రంలో కేబినెట్ కార్యదర్శిగా చేసినవారు కూర్చున్న బోర్డు దానికి ఒప్పుకుంది. వాటాదారులు గగ్గోలు పెట్టాకే వెనక్కి తగ్గారు. అంత చదువుకున్నవారు ఏం చూసి ఒప్పుకున్నారో మాకైతే అంతుపట్టలేదు.

ఇక ఆడిటర్లు ప్రైస్ వాటర్‌హౌస్ వారు. బ్యాంకు నిల్వ ఎంతో ఆడిటరే నేరుగా బ్యాంకుకు ఉత్తరం రాసి, జవాబు నేరుగా తెప్పించుకోవాలి. ఇక్కడ ఉత్తరాలు పంపే పనీ, జవాబులు తెచ్చే పనీ కంపెనీకే వదిలేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2011లో తేల్చి, 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. మెస్‌కు బియ్యం బస్తాలు ఎన్ని వచ్చాయో సరుకు తెచ్చినవారినే అడిగి స్టాక్ రిజిస్టరులో రాసుకుంటే దాన్ని తనిఖీ అంటామా? స్టోర్‌రూమ్ తాళం తీయించి, బస్తాలు లెక్కపెట్టి, ఒకటి రెండైనా కాటా మీద పెట్టించాలి. ఇంత చిన్న పని పెద్ద కంపెనీలో జరగలేదు. మనవాళ్ళే కాదు, 2020లో జర్మనీ వైర్‌కార్డ్ సంస్థలోనూ ఫిలిప్పీన్స్ బ్యాంకుల్లో ఉన్నాయన్న 190 కోట్ల యూరోలు లేవని తేలింది.

లేఖ బయటపడిన రోజే 179 రూపాయల షేరు 40 దగ్గరకు పడింది. సుమారు 50 వేల మంది ఉద్యోగులు జీతం వస్తుందో రాదో తెలియక తల్లడిల్లారు. ప్రభుత్వం కొత్త బోర్డును వేసింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కంపెనీని తీసుకుంది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు, ఇద్దరు ఆడిటర్లతో సహా పదిమందికి ఏడేళ్ళ శిక్ష వేసింది. నెల తిరగ్గానే పై కోర్టులో బెయిలు దొరికింది.

ఒక్క మాట. నేటికీ మన బస్తీలోకి వచ్చే 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మొదలైంది. దాన్ని నడిపిన ఈఎంఆర్‌ఐని స్థాపించింది కూడా ఈ రాజుగారే. ఈ సంగతి వచ్చిన రాత్రి మా గదిలో పెద్ద వాదనే జరిగింది. లైట్లు ఆర్పే వేళయినా తెగలేదు.