సమూహాభ్యాసమున దిద్దబడని దోషములు: అరబ్బుల ఆంగ్లము, జంషెడ్‌పూరు తెలుగువారి హిందీ

తరగతిని నలుగురైదుగురు చొప్పున విభజించి, వారిలో వారిని ఆంగ్లమున మాటాడనిచ్చినచో ఒకరి తప్పు నొకరు దిద్దుకొందురని బోధకులలో గట్టి నమ్మకము కలదు. అరబ్బీ మాతృభాషగా గలవారి విషయమున ఈ నమ్మకము సగమే నిజము. తోడివాడు దిద్దుటకు ముందు ఆ తప్పు అతని చెవికి తప్పుగా వినబడవలెను గదా!

అరబ్బీలో పకారము లేదు. అందుచే 'పార్క్' అనవలసినచోట 'బార్క్' అనుట వారికి సహజము. నలుగురు అరబ్బులే ఒక గుంపైనప్పుడు నలుగురును అట్లే పలుకుదురు, భావము చక్కగా అందును, దోషము కదలదు. అందొక తెలుగువాడు చేరినచో, 'పాట'కును 'బాట'కును భేద మెరిగినవాడు కనుక, ఆగి మరల అడుగును. వాక్యనిర్మాణమునందును ఇట్టిదే. 'నేను కొన్న పుస్తకము' అనుటకు అరబ్బీలో 'నేను దానిని కొన్న పుస్తకము' అను తీరున సర్వనామము నిలిచియుండును. అది ఆంగ్లమునకును సంక్రమించును. తెలుగు ధాతుజ విశేషణమునకు ఆ సర్వనామముతో పని లేదు గావున తెలుగువానికి అది అదనముగా తోచును. హైదరాబాదునందు 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా వెలసి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమునకు అరబ్బు దేశములవారును వచ్చి చదువుచుండుటచే, ఈ చర్చ తెలుగునాట ఊహామాత్రము కాదు.

అయితే తెలుగువాడు చేరినంతమాత్రమున పని తీరదు. 'అతడు వైద్యుడు' అను వాక్యమున క్రియ లేదు. వర్తమానార్థమున అరబ్బీలోను లేదు. కాగా ఆంగ్లమున 'ఈజ్' జారిపోయినను ఇరువురిలో ఎవరికిని లోటు తోచదు. వంగభాషయు ఇంతే. 'హై' అను క్రియ కలిగిన హిందీవాడే అచ్చట లోపమును పట్టగలడు.

దీనికి పోలిక తరగతి వెలుపల, జంషెడ్‌పూరునందు కలదు. 1907లో నెలకొన్న టాటా ఉక్కు సంస్థ కర్మాగారము చుట్టును పెరిగి, 1919లో ఆ పేరు పొందిన పట్టణమది. ఉత్తరాంధ్రము నుండి పనికై అచ్చటికి వెళ్లిన తెలుగువారికి హిందీ బడిలో కంటె కార్ఖానాలోను బజారులోను ఎక్కువగా అబ్బినది. తోడివారిలో వంగీయులు, ఒడియావారు, సంతాలులు కలరు. హిందీలో రొట్టె స్త్రీలింగము, నీరు పుంలింగము. తెలుగున ఈ రెంటికి నట్టి భేదము లేదు; వంగ, ఒడియా, సంతాలీ భాషలందును లేదు. ఇట్టివారు తమలో తాము హిందీ మాటాడునప్పుడు లింగదోషము ఎవరి చెవిని తాకును? పదసంపద ఎంత పెరిగినను అది అట్లే నిలువగలదు. హిందీ ఇంటిభాషగా గలవాడు సంభాషణలో నున్నచోటనే దిద్దుబాటునకు వీలు. కలకత్తా బజారు హిందుస్తానీపై సునీతికుమార చటర్జీ 1931లో ప్రకటించిన వ్యాసము ఈ సందర్భమున చదువదగినది.

ఇక ఆంగ్లపు 'ది' విషయము విచిత్రము. అరబ్బీకి 'అల్' కలదు; అందుచే జీవితము, ప్రేమ మున్నగు భావపదములకును అరబ్బు 'ది' తగిలించును. తెలుగువాడు ఉండవలసినచోటనే దానిని విడుచును. ఇరువురి తప్పులును ఎదురెదురుగా నిలుచుటచే గుంపులో తగవు పుట్టును. అది మేలే. కాని హిందీకిని అట్టి పదము లేకపోవుటచే తీర్పరి ఆ గుంపులో దొరకడు; ఉపాధ్యాయుడు ఆ బల్లయొద్దకు నడచి రావలసిన సమయ మదియే.