మట్టి లేని మట్టి

ద్వారకా తిరుమల కొండ దిగువన బొమ్మల దుకాణం ముందు మారాం చేయని పసివాడు అరుదు. ఆ బొమ్మకు తొలి ముడిసరుకు మట్టి. అయితే మట్టికి ఒక స్వభావం ఉంది. వినాయక చవితికి కొల్లేటి పల్లెల్లో నల్లబంకమట్టితో చేసిన ప్రతిమ ఆరేకొద్దీ బీటలు వారుతుంది. నీరు ఆవిరి కాగా రేణువులు దగ్గరకు జరిగి ముద్ద కుంచించుకుపోవడమే అందుకు కారణం. కనుక శిల్పి తడి ఆరకముందే రూపాన్ని తీర్చుకోవాలి. అలా తొందరపెట్టక, కళాకారుని కోసం రోజుల తరబడి వేచి ఉండే ముద్ద పాలిమర్ క్లే. దాని వెనుక జర్మనీలోని ఒక బొమ్మల కుటుంబం కథ ఉంది.

కేటె క్రూజె (1883–1968) రంగస్థల నటి. ఆమె భర్త మాక్స్ క్రూజె శిల్పి. 1905లో పెద్ద కుమార్తె బొమ్మ కావాలని కోరింది. అంగడి బొమ్మలు మాక్స్‌కు నచ్చలేదు. అప్పుడు కేటె తువాలులో ఇసుక నింపి, బంగాళాదుంపను తలగా అమర్చి బొమ్మను చేసి ఇచ్చింది. ఆ దుంప తల బొమ్మే లోకప్రసిద్ధమైన బొమ్మల కార్యశాలకు బీజమైంది.

1939 ప్రాంతంలో, బొమ్మల తలలకు పనికివస్తుందేమోనని ఒక కొత్త ప్లాస్టిక్ ముద్ద కేటె వద్దకు వచ్చింది. కార్యశాల పనికి అది ఒదగలేదు. తల్లి పక్కన పెట్టిన ఆ ముద్దను కుమార్తె ఫిఫి చేతిలోకి తీసుకొన్నది. చిన్న చిన్న రూపాలు మలచి దాని గుణాన్ని తెలుసుకొన్నది. యుద్ధానంతరం దానిని ‘ఫిఫి మొజాయిక్’ అనే పేరుతో విక్రయించింది. 1964లో ఎబర్‌హార్డ్ ఫాబర్ సంస్థ దాని హక్కులను పొందింది. ఆ ముద్దే నేటి ‘ఫిమో’.

పాలిమర్ క్లే పేరుకే మట్టి. అందులో ఉన్నవి పాలీవినైల్ క్లోరైడ్ పొడి, దానిని మెత్తబరిచే ద్రవాలు, రంగులు. నీరు లేదు కనుక అది గాలికి ఆరదు. సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వేడికి రేణువులు ఏకమై గట్టిపడుతుంది. కుమ్మరి ఆవం అక్కరలేదు. ఇంటి ఓవెన్ చాలు. మితిమీరి కాలిస్తే మాత్రం హానికరమైన ఆమ్లవాయువు వెలువడుతుంది.

నిమజ్జనం చేసిన మట్టి ప్రతిమ తిరిగి మట్టిలో కలుస్తుంది. పాలిమర్ బొమ్మ కలవదు. కనుక నీటిలో కరగవలసిన ప్రతిమకు చెరువుమట్టే తగినది. ఏళ్ల తరబడి నిలవవలసిన గోరంత పువ్వుకు, చెవి జూకాకు పాలిమర్ క్లే తగినది. తల్లికి ఒదగనిది కుమార్తెకు ఒదిగిందంటే ముద్ద మారలేదు, పని మారింది. ఏ పదార్థం ఏ పనికి తగినదో గుర్తించడం శిల్పవిద్యలో మొదటి మెట్టు.

అర్థాలు
ఆవం = కుండలు కాల్చే బట్టీ
బీజం = విత్తనం, మూలం

ప్రశ్నలు
1. మట్టి ప్రతిమ బీటలు వారడానికి కారణమేమి?
2. ‘ముద్ద మారలేదు, పని మారింది’ – వివరించండి.